అద్దె తగ్గితే ఖర్చు తగ్గినట్టేనా? సిటీ మధ్య నుంచి శివారుకు మారే ముందు చూసుకోవాల్సిన లెక్క



సంక్రాంతి సెలవులు అయిపోయాక మన ఆఫీసు కౌంటర్ దగ్గర ఏటా ఒక ప్రశ్న వినిపించడం మొదలవుతుంది. "మేడమ్, ఈ సమ్మర్‌లో ఇల్లు మారదామనుకుంటున్నాం. అటువైపు అద్దెలు సగమే ఉన్నాయట. మన బస్సు అటు వస్తుందా?" అడిగేవాళ్లలో కొందరు సొంత ఫ్లాట్ కొనుక్కుని వెళ్తున్నవాళ్లు. ఎక్కువమంది మాత్రం అద్దె భరించలేక వెళ్తున్నవాళ్లే. ఇద్దరు పిల్లల ఫీజు, ఇంటి అద్దె, కారు ఈఎంఐ ఒకే నెలలో కట్టాల్సి వచ్చినప్పుడు ముందుగా తగ్గించాలనిపించేది అద్దెనే. అందులో తప్పేమీ లేదు. అయితే అద్దె ఒక్కదాన్నే చూసి ఇల్లు మారితే తగ్గిన డబ్బు ఇంకో దారిలో బయటికి పోవచ్చు. పిల్లల నిద్రా, అమ్మ ఉద్యోగమూ కూడా ఆ దారినే పోవచ్చు. అందుకే ఈ నెల ఈ విషయం గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

అద్దె ఎందుకు తగ్గుతుంది?

ఊరి మధ్య నుంచి దూరం వెళ్లేకొద్దీ అద్దె తగ్గుతుందని అందరికీ తెలుసు. విలియం అలోన్సో అనే ఆర్థికవేత్త 1964లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని ఒక సిద్ధాంతంగా వివరించారు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది: దూరంగా ఉన్న ఇంటికి అద్దె తక్కువ ఉండటానికి కారణం ఆ ఇంట్లో ఉండేవాళ్లు మిగిలినదాన్ని దారి ఖర్చుగా, దారిలో పోయే సమయంగా కడుతుండటమే. అంటే తక్కువ అద్దె పూర్తిగా మిగులు కాదు. అందులో కొంత భాగం ప్రయాణానికి ముందే రాసి పెట్టి ఉంటుంది.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది. ఇక్కడ "ఊరి మధ్య" అనేది ఒకచోట నిలవలేదు. ఒకప్పుడు అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ అంటే సెంటర్. 1998లో సైబర్ టవర్స్ మొదలైన తర్వాత ఉద్యోగాలు పడమర వైపు జరిగాయి, వాటితో పాటు అద్దెలూ పెరిగాయి. 2007లో మునిసిపల్ కార్పొరేషన్‌లో 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, మల్కాజిగిరి అంతవరకు వేరే మునిసిపాలిటీలే. వాటిని ఇవాళ ఎవరూ ఊరి బయట అనరు. అందువల్ల మీకు ఏది దూరం, ఏది దగ్గర అన్నది మీ ఆఫీసు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. సికింద్రాబాద్‌లో పనిచేసేవారికి అల్వాల్ దగ్గరే. రాయదుర్గంలో పనిచేసేవారికి అదే అల్వాల్ రోజూ ఒక ప్రయాణం.

ఒక కుటుంబం లెక్క

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అంకెలు మీ ఇంటివి కావు, మీవి వేసి చూసుకోండి.

కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అద్దె 40,000. నాన్న ఆఫీసు రాయదుర్గంలో, 6 కిలోమీటర్ల దూరం, కారులో వెళ్తారు. అమ్మ ఉద్యోగం మియాపూర్‌లో, స్కూటీ మీద వెళ్లొస్తారు, పెట్రోలుకు నెలకు 1,000 అవుతుంది. పిల్లలిద్దరూ స్కూలుకు నడిచే వెళ్తారు. బోడుప్పల్ వైపు అంత ఇల్లే 20,000కు దొరుకుతోంది, మెయింటెనెన్స్ కూడా వెయ్యి తక్కువ. అంటే చూపుకు నెలకు 21,000 మిగులు. ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఇప్పుడు ఖర్చులు. నాన్న ఆఫీసు 30 కిలోమీటర్లు అవుతుంది. రోజుకు 48 కిలోమీటర్లు ఎక్కువ, 22 పనిదినాలకు 1,056. కారు లీటరుకు 14 ఇస్తుందనుకుంటే 75 లీటర్లు, లీటరు 107 చొప్పున సుమారు 8,000. అంత తిరిగే బండికి సర్వీసింగు, టైర్ల కింద ఇంకో వెయ్యి. అమ్మ అంత దూరం స్కూటీ మీద వెళ్లలేరు కాబట్టి ఆటో, మెట్రో కలిపి 4,000 అయితే పాతదాని కంటే 3,000 ఎక్కువ. నడిచి వెళ్లే పిల్లలకు బస్సు కావాలి, ఇద్దరికీ కలిపి 3,000. వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తే ఏడాది మీద నెలకు 500. మొత్తం 15,500. మిగిలేది 5,500.

నాన్న రోజుకు రెండు గంటలు అదనంగా రోడ్డు మీద ఉంటారనుకుంటే నెలకు 44 గంటలు. 5,500ను 44తో భాగించండి. గంటకు 125 రూపాయలు. ఆ ధరకు మీ సాయంత్రాన్ని ఇవ్వడానికి సిద్ధమా అనేది మీరే తేల్చుకోవాలి. కొన్ని ఇళ్లలో ఆ 5,500 నిజంగానే అవసరం, అప్పుడు అవుననే జవాబు. తెలిసి ఒప్పుకోవడం వేరు, ఆరు నెలల తర్వాత తెలుసుకోవడం వేరు.

ఇందులో ఒక్కసారి అయ్యే ఖర్చు వేయలేదు. సామాను తరలించడం, పాత ఇంటి అడ్వాన్సులో పెయింటింగ్ కింద పట్టుకునేది, కొత్త అడ్మిషన్, కొత్త యూనిఫాంలు, గీజరు బిగింపు నుంచి కర్టెన్ల దాకా అన్నీ కలిపి 60,000 అనుకుంటే నెలకు 5,500 చొప్పున అది తీరడానికి 11 నెలలు పడుతుంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి కాబట్టి మన దగ్గర అగ్రిమెంట్లు 11 నెలలకే రాసుకోవడం అలవాటు. అంటే ఖర్చు తీరే సరికి ఓనరు అద్దె పెంచమని అడిగే రోజు వస్తుంది.

జీతంలో హెచ్‌ఆర్‌ఏ ఉండి, పాత పన్ను విధానంలో మినహాయింపు తీసుకునేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ మినహాయింపును లెక్కగట్టే పద్ధతుల్లో ఒకటి, కట్టిన అద్దెలోంచి జీతంలో 10 శాతం తీసేయగా మిగిలిన మొత్తం. అద్దె తగ్గితే అది కూడా తగ్గి పన్ను కాస్త పెరగవచ్చు. కొత్త విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపే లేదు కాబట్టి ఈ బాధా లేదు.

ఇదే కుటుంబం ఉప్పల్ లేదా నాగోల్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో 25,000 అద్దెకు ఇల్లు చూసుకుందనుకోండి. బోడుప్పల్ ఇంటి కంటే అద్దె 5,000 ఎక్కువ, మెయింటెనెన్స్ కూడా ఇప్పటంతే. కొండాపూర్‌తో పోలిస్తే మిగులు 15,000 మాత్రమే. కానీ నాగోల్ నుంచి రాయదుర్గానికి బ్లూ లైన్‌లో ఎక్కడా మారకుండా వెళ్లవచ్చు. రోజుకు రానుపోను 140 అనుకుంటే నెలకు 3,080. ఇప్పుడు కారు పెట్రోలుకు అయ్యే 2,000 ఆగిపోతుంది కాబట్టి అదనం వెయ్యి. అమ్మకు అమీర్‌పేటలో రెడ్ లైన్‌లోకి మారితే మియాపూర్ వస్తుంది, అదనం రెండు వేలు. పిల్లల బస్సు 3,000 వేసుకున్నా ఖర్చు 6,000. మిగిలేది 9,000. అద్దె ఎక్కువ ఉన్న ఇంట్లోనే చేతిలో డబ్బు ఎక్కువ మిగిలింది! ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేటలో రైలు మారడం ఎంత సుఖమో ఎక్కినవారికి చెప్పక్కర్లేదు. అయినా స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం కంటే నయం.

అమెరికాలో షికాగోలో ఉన్న సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఈ పద్ధతినే వాడుతుంది. ఇంటి ఖర్చును ఒక్కదాన్నే చూడకుండా ఇంటి ఖర్చు, ప్రయాణ ఖర్చు కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని వారి లెక్క. మన జీతాలకు, మన ఫీజులకు ఆ 45 సరిపోతుందో లేదో వేరే చర్చ. రెండూ కలిపి చూడాలన్నది మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

బ్రోచర్‌లో ఉండేది, రోడ్డు మీద ఉండేది

"ఓఆర్‌ఆర్‌కు ఐదు నిమిషాలు" అని రాసిన ఫ్లెక్సీలు మీరు చూసే ఉంటారు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీదికి ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌చేంజ్‌ల దగ్గరే వీలవుతుంది. ఇంటి బాల్కనీలోంచి రోడ్డు కనిపిస్తున్నా ఎక్కే చోటు కొన్ని కిలోమీటర్ల అవతల ఉండవచ్చు. టోల్ ఉంటుంది. మరీ ముఖ్యంగా ద్విచక్ర వాహనాలకు ప్రధాన రోడ్డు మీదికి అనుమతి లేదు, సర్వీసు రోడ్డే గతి. ఇంట్లో ఉన్నది బైకు ఒక్కటే అయితే ఆ "ఐదు నిమిషాలు" మీకు ఎందుకూ పనికిరావు.

ఎంఎంటీఎస్ కూడా అంతే. రెండో దశలో మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు రైళ్లు వచ్చాయి, చార్జీ చాలా తక్కువ. అయితే స్టేషన్ ఉండటం వేరు, మీ ఆఫీసు వేళకు రైలు ఉండటం వేరు. టైంటేబుల్ చూడండి, ఒకటి తప్పితే తర్వాతది ఎప్పుడో చూడండి. ఆర్టీసీ విషయంలో ఒక మంచి మాట ఉంది. 2023 డిసెంబర్‌లో మొదలైన మహాలక్ష్మి పథకంతో తెలంగాణలో మహిళలకు, బాలికలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కొత్త ఇంటి దగ్గర నుంచి అమ్మ ఆఫీసుకు నేరుగా బస్సు ఉంటే పై లెక్కలో ఒక పద్దు దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది.

నీళ్ల గురించి ఓనరును కాదు, వాచ్‌మన్‌ను అడగండి. లేదా కింది ఫ్లోర్‌లో రెండు వేసవులు గడిపినవారిని. "మంజీరా ఉందా, బోరేనా? ఏప్రిల్‌లో బోరు ఎండుతుందా? ట్యాంకర్ డబ్బు మెయింటెనెన్స్‌లోనేనా, వేరుగానా?" 2021 జనవరిలో మొదలైన పథకంలో జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్లకు నెలకు 20,000 లీటర్లు ఉచితం. మీరు చూసే ఇంటి కనెక్షన్‌కు అది వర్తిస్తోందో లేదో పాత నీటి బిల్లు చూస్తే తెలిసిపోతుంది.

కొనేవారికి ఒక్క మాటే. రెరా నంబరు, లేఅవుట్ అనుమతి, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, ఈ మూడూ చూసుకోకుండా టోకెన్ ఇవ్వకండి. 2024 జూలైలో హైడ్రా వచ్చిన తర్వాత ఆ చివరి మాట ఎందుకు ముఖ్యమో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పిల్లల రోజు ఎలా మారుతుంది?

ఇక మాకు బాగా తెలిసిన విషయానికి వద్దాం. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ఇప్పుడు గడియారం వెనక్కి తిప్పండి. బస్సు 6:30కు వస్తే పిల్లవాడు 5:30కు లేవాలి. తొమ్మిది గంటల నిద్ర కావాలంటే రాత్రి 8:30కు పడుకోవాలి. నాన్న ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేదే 8:30కు అయితే ఆ ఇంట్లో ఎవరు పడుకుంటారు? నాన్నను చూడాలని మెలకువగా ఉంటారు. మర్నాడు మొదటి పీరియడ్‌లో కళ్లు మూతలు పడతాయి. టీచర్ డైరీలో "శ్రద్ధ తగ్గింది" అని రాస్తారు. మీరు ట్యూషన్ పెట్టిస్తారు. ట్యూషన్ వల్ల నిద్ర ఇంకో గంట తగ్గుతుంది.

స్కూలు బస్సుకు ఒక స్వభావం ఉంది. రూటు చివర ఉన్న ఇంటి పిల్లలు ఉదయం అందరికంటే ముందు ఎక్కుతారు, సాయంత్రం అందరికంటే చివర దిగుతారు. మీ కారులో 25 నిమిషాల దారి బస్సులో గంటా పదిహేను నిమిషాలు కావచ్చు. బస్సు దగ్గరి దారిలో రాదు, పిల్లలున్న దారిలో వస్తుంది. అందుకే "బస్సు అటు వస్తుందా?" అని అడిగితే సరిపోదు. "మా స్టాప్ రూటులో ఎన్నోది? ఎన్నింటికి ఎక్కాలి? ఎన్నింటికి దింపుతారు?" అని ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిని అడగండి. ఫీజు స్లాబు కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

కొత్త ఇంటికి దగ్గరలో మన బ్రాంచి లేకపోతే ఏం చేయాలి? ఈ పత్రికలో ఈ మాట ఉండటం మీకు వింతగా అనిపించవచ్చు గానీ, చిన్న తరగతుల పిల్లలను గంటన్నర ప్రయాణం చేయించి మన స్కూలుకే పంపండని మేము చెప్పం. నాలుగో తరగతి పిల్లకు ఇంటి దగ్గర ఉన్న మంచి స్కూలు, దూరంగా ఉన్న అంతే మంచి స్కూలు కంటే మేలు. తొమ్మిది, పది తరగతుల సంగతి వేరు.

సీబీఎస్‌ఈలో పదో తరగతి బోర్డు పరీక్షకు తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్ జరుగుతుంది. పదిలో స్కూలు మార్చాలంటే నివాసం మారడం లాంటి కారణానికి ఆధారాలు చూపి బోర్డు అనుమతి పొందాలి. స్టేట్ సిలబస్‌లో కూడా పదిలోకి వచ్చాక టీచర్లు, నోట్సులు, ఇంటర్నల్ మార్కులు అన్నీ మధ్యలో మారతాయి. పెద్ద పిల్ల తొమ్మిది పూర్తి చేస్తుంటే ఇల్లు మారడాన్ని ఒక ఏడాది ఆపగలరేమో చూడండి. పై లెక్కలో ఆ ఏడాది ఖరీదు 5,500 చొప్పున 66,000. చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాం. అయినా ఆపమనే మా సలహా. పది తర్వాత ఇంటర్‌కు ఎలాగూ కాలేజీ మారాలి కాబట్టి ఆ వేసవిలో ఇల్లు మారితే పిల్లకు ఒకే మార్పు అవుతుంది. చిన్న పిల్లలకైతే ఐదు పూర్తయ్యాక మారడం సులువు.

అమ్మ ఉద్యోగం

ఇంటి లెక్కల కాగితంలో సాధారణంగా కనిపించని పద్దు ఇది. దూరం పెరిగినప్పుడు, నాలుగింటికి ఇంటికి వచ్చే పిల్లలకు తలుపు తీసేదెవరన్న ప్రశ్న వస్తుంది. ఇప్పుడున్న చోట పక్కింటి ఆంటీ ఉన్నారు, రెండు వీధుల అవతల అమ్మమ్మ ఉంది, తాళం చెవి ఇచ్చి వెళ్లేంత నమ్మకమైన పనమ్మాయి ఉంది. వీళ్లెవరూ సామాను లారీలో రారు. కొత్త కాలనీలో అంత పరిచయం పెరగడానికి ఏడాది పడుతుంది. ఈలోపు ఎవరో ఒకరు ఉద్యోగం మానాలి లేదా సగం రోజుకు మార్చుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరవుతారో మనందరికీ తెలుసు.

నెలకు 5,500 మిగుల్చుకోవడానికి 30,000 జీతం వదులుకోవడం లెక్కలో తప్పు. పైగా ఆ ఉద్యోగం మళ్లీ అదే జీతానికి దొరకదు. అందుకే ఇల్లు చూసేటప్పుడు ఇద్దరి ఆఫీసుల దూరమూ చూడండి. ఎవరి ప్రయాణం తగ్గిస్తే కుటుంబం నిలబడుతుందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. జీతం ఎక్కువ ఉన్నవారి ఆఫీసుకే ఇల్లు దగ్గరుండాలన్న నియమం ఏమీ లేదు. పిల్లలకు జ్వరం వస్తే ఫోన్ ఎవరికి వస్తుందో వారి ఆఫీసు దగ్గరుండటం మేలని మా అనుభవం.

అత్తయ్య, మామయ్యలు మీతో ఉంటే ఆస్పత్రి దూరం కూడా చూడండి. డయాలసిస్, ఫిజియోథెరపీ లాంటి వారం వారం వెళ్లాల్సిన అవసరాలుంటే అదే మొదటి ప్రశ్న.

ఇదంతా చదివి శివారుకు వెళ్లడమే తప్పని అనుకోవద్దు. అద్దె భారం దిగి, క్రెడిట్ కార్డు బాకీ తీర్చుకుని ఊపిరి పీల్చుకున్న కుటుంబాలు మన తల్లిదండ్రుల్లోనే ఉన్నాయి. హాల్లో టీవీ ముందు హోంవర్క్ చేసే పిల్లవాడికి ఒక గదీ, ఒక టేబులూ దొరుకుతాయి. సాయంత్రం సైకిల్ తొక్కడానికి ఖాళీ రోడ్డు ఉంటుంది. నెల చివర డబ్బు గురించి అమ్మానాన్నల గొడవలు తగ్గితే పిల్లలకు అంతకంటే ఏం కావాలి? ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగమైతే, కొత్త ఇంటికి దగ్గరలో మెట్రో ఉంటే లెక్క మీవైపే ఉంటుంది.

ఎప్పుడు మారాలి, ఏం సిద్ధం చేసుకోవాలి?

స్టేట్ సిలబస్ స్కూళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు, సీబీఎస్‌ఈ తరగతులు అంతకంటే ముందే మొదలవుతాయి. జూన్ చివరికో జూలైకో ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో పాలు పొంగించరు కదా. దాంతో అందరూ ఏప్రిల్, మే నెలల మీదే పడతారు. ఆ రెండు నెలల్లో ఇళ్లకూ, లారీలకూ గిరాకీ ఎక్కువ. వీలైతే ఫిబ్రవరిలోనే ఇల్లు చూడటం మొదలుపెట్టండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక మామూలు సోమవారం, కొత్త ఇంటి దగ్గర నుంచి మీరు రోజూ బయల్దేరే వేళకే ఆఫీసుకు వెళ్లి చూడండి. సాయంత్రం అలాగే తిరిగి రండి. ఆదివారం మధ్యాహ్నం చూసిన దూరం నిజమైన దూరం కాదు. వర్షం పడిన రోజు ఇంకోసారి వెళ్లగలిగితే మరీ మంచిది.

స్కూలు మారుతుంటే టీసీ కోసం ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఆ ఏడాది బకాయిలు ఏమైనా ఉన్నాయేమో అకౌంట్స్‌లో అడగండి. యుడైస్ ప్లస్‌లో మీ పిల్లలకు ఉన్న పెన్ నంబరు రాసి పెట్టుకోండి, కొత్త స్కూలు వివరాలను ఆ నంబరుతోనే తన రికార్డులోకి తీసుకుంటుంది. టీసీలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో కౌంటర్ దగ్గరే చూసుకోండి. స్పెల్లింగులో ఒక అక్షరం తేడా ఉన్నా పదో తరగతికి వచ్చాక తిరగాల్సి వస్తుంది. మన బ్రాంచిల మధ్యే మారేవారు రెండు బ్రాంచిల ప్రిన్సిపాళ్లతోనూ మాట్లాడండి, ఒకే తరగతిలో సెక్షన్ ఖాళీ ఉందో లేదో, పుస్తకాలు అవేనా అన్నది అక్కడే తేలుతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి దగ్గర రూటు, స్టాప్ సమయాలు అడిగి తెలుసుకున్న తర్వాతే ఓనరుకు అడ్వాన్సు ఇవ్వండి.